కడిగిన తీగ

సుంకం వేశారన్న కబురు మిల్లుకి చేరిన రోజున మేస్త్రిని భుజాల మీదికి ఎత్తుకున్నారు. ఎత్తుకున్నవాళ్లలో సగం మంది అంతకు ముందు వారం దాకా ఆయన వెనక చేరి, "ఈయనకి మీటింగుల పిచ్చి పట్టింది" అని నవ్వుకున్నవాళ్లే. గెలిచాక అందరూ మనవాళ్లే అవుతారు, లోకం తీరే అంత. ఆయనది కాస్త భారీ శరీరం కావడంతో గేటు దాకా మోయలేక మధ్యలోనే దింపేశారు, అది వేరే సంగతి.

ఆ మిల్లులో ఇనుప తీగ లాగుతారు. లావుపాటి ఊచల్ని ఒకదాని కంటే ఒకటి సన్నగా ఉండే అచ్చుల కంతల్లోంచి లాగి లాగి తీగ చేస్తారు. మేకులకీ కంచెలకీ పోయే తీగ అది. మేస్త్రి ఆ పనిలోనే తల నెరిసిన మనిషి. అలాంటిది, బయటి దేశాల నుంచి ఓడల్లో దిగే తీగ మరీ చవకైపోయి మిల్లు సగం రోజులు ఖాళీగా పడి ఉండే పరిస్థితి వచ్చింది. అప్పుడు మేస్త్రి నడుం కట్టాడు. ఊరేగింపులు తీశాడు. మంత్రిగారి ఆఫీసు మెట్ల మీద ఎండలో కూర్చున్నాడు. మైకు పట్టుకుని, "వాళ్ల తీగ మన మెడకి చుట్టుకుంటోంది" అన్నాడు. ఆ మాట పేపర్లో పెద్దక్షరాలతో పడింది. చివరికి ప్రభుత్వం బయటి నుంచి వచ్చే ఇనుప తీగ మొత్తం మీద భారీగా దిగుమతి సుంకం వేసింది. మిల్లు బతికింది.

భుజాల మీంచి దిగిన మేస్త్రి చొక్కా సర్దుకుని తిన్నగా తమ్ముడి దగ్గరికి పోయాడు. ఏ కబురైనా ముందు వాడికి చెప్తే గాని ఆయనకి తిన్నది అరగదు. తండ్రి పోయేనాటికి తమ్ముడు ఇంకా నిక్కర్లు వేసుకునే పిల్లాడు. వేలు పట్టుకుని బడికి తీసుకుపోయింది ఈయనే, జ్వరమొస్తే భుజాన వేసుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తిందీ ఈయనే. పెద్దయ్యాక మిల్లులో చేరతానంటే, "ఈ దుమ్ముకి నీ ఊపిరితిత్తులు ఆగవురా" అని ఆపి, ఒక గొడుగులు చేసే ముసలాయన దగ్గర పనికి పెట్టిందీ ఈయనే. ముసలాయన పోయాక తమ్ముడు ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని తనే గొడుగులు చేయడం మొదలుపెట్టాడు. అన్నదమ్ముల ఇళ్లు ఒకే వీధిలో ఎదురెదురుగా ఉంటాయి.

మేస్త్రి వెళ్లేసరికి తమ్ముడు ఒక గొడుగుని పరీక్ష చేస్తున్నాడు. ఆ పరీక్ష చూడాల్సిందే. గొడుగు తెరిచి, రెండు చేతులా పట్టుకుని, పెనుగాలికి తిరగబడినట్టు లోపలిది బయటికి తిప్పేస్తాడు. తర్వాత ఒక్కసారి గట్టిగా విదిలిస్తాడు. ఊచలన్నీ వాటంతటవే మళ్లీ మొదటి ఆకారానికి రావాలి. ఒక్క ఊచ వంగి ఉండిపోయినా ఆ గొడుగు షెడ్డు దాటదు. గొడుగుల షావుకారు ఆ పరీక్ష చూసే ఇతని దగ్గర సరుకు కొనేవాడు.

"ఒరేయ్, గెలిచాంరా" అన్నాడు మేస్త్రి, స్టూలు లాక్కుని కూర్చుంటూ.

తమ్ముడి మొహం వెలిగింది. చేతులు తుడుచుకుని దగ్గరికొచ్చాడు. "నిజంగానా అన్నా? మేకుల తీగ మీదేనా, మొత్తం తీగ మీదా?"

"మొత్తం మీద. ఒక్క చుట్ట కూడా తప్పించుకోకుండా రాయించాం."

తమ్ముడు కొక్కేలకి వేలాడుతున్న తన తీగ చుట్టల వైపు ఒకసారి చూశాడు. "మంచిది అన్నా. మీ మిల్లు నిలబడింది, అంతే చాలు" అన్నాడు. మరదలు టీ తెచ్చింది. మేస్త్రి మంత్రిగారి ఆఫీసు కబుర్లు చెప్తూ తన టీ తాగేసి, మాటల్లో పడి తమ్ముడి టీ కూడా తాగేశాడు. ఎవరూ ఏమీ అనలేదు.

గొడుగు ఊచకి కావలసింది మేకుల తీగ కాదు. మేకుల తీగని వంచితే వంగి అలాగే ఉండిపోతుంది. గొడుగు ఊచని ఎంత వంచినా వదలగానే లేచి నిలబడాలి. గొడుగుకి సరిపడేంత సన్నగా అలాంటి గట్టి తీగ ఈ దేశంలో ఎవరూ లాగడం లేదు, తమ్ముడు ఏళ్ల తరబడి ఓడల మీద వచ్చే తీగే వాడుతున్నాడు. మేస్త్రికి ఆ సంగతి తెలియక కాదు. తెలుసు. కానీ మైకు ముందు నిలబడినప్పుడు గుర్తు రాలేదు. సుంకం కట్టించుకునే వాళ్లకి తీగ అంటే తీగే, మేకుకి పోతుందో గొడుగుకి పోతుందో వాళ్లకనవసరం. ఇంకా విడ్డూరం ఏమిటంటే, తయారైన గొడుగు మీద సుంకం లేదు. ఊచ విడిగా ఓడ దిగితే సుంకం, అదే ఊచ గుడ్డ కప్పుకుని పిడి తగిలించుకుని దిగితే స్వాగతం. ఆ సుంకాల జాబితా రాసిన మహానుభావులు ఏనాడూ వానలో తడిసి ఉండరు.

ఈ దెబ్బ తమ్ముడికి ఎలా తగిలిందో మేస్త్రికి ఆయన భార్యే విప్పి చెప్పింది. ఆవిడ నోరు మంచిదే, కాకపోతే తిన్నగా మాట్లాడుతుంది. ఒక మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ, "మరిది గుడ్డ కత్తిరించే అతన్ని మాన్పించేశాడట" అంది.

"అదేం? పని లేదా?"

"పని ఉంది. తీగ లేదు. కొనబోతే, తయారైన ఓడ గొడుగు ధర కంటే సుంకంతో కలిపి ఉత్త ఊచల ఖర్చే ఎక్కువవుతోందట."

మేస్త్రి కలుపుతున్న చెయ్యి ఆగింది. "నాతో అనలేదే."

"ఏమంటాడు? మీరేమో ఊరేగుతున్నారు. అడ్డొచ్చి, అన్నా నన్ను తొక్కేస్తున్నావు అనమంటారా?"

"మిల్లు మూతపడితే ఎన్ని ఇళ్లు వీధిన పడేవో నీకు తెలుసా?"

"తెలుసు. మన ఇల్లూ పడేది. అందుకే నేనూ మిమ్మల్ని ఆపలేదు" అంటూ ఆవిడ నీళ్ల గ్లాసు ఆయన ముందు పెట్టింది. "కానీ ఎదురింటికి వెళ్లి ఆ అమ్మాయి మొహం చూడాలంటే నాకు సిగ్గేస్తోంది."

అన్నం సగంలో వదిలేసి మేస్త్రి రోడ్డు దాటాడు. షెడ్డులో గుడ్డ కత్తిరించే బల్ల మీద గోనె కప్పి ఉంది. తీగ చుట్టలు వేలాడే కొక్కేల్లో ఒక్కదానికి మాత్రం కాస్త తీగ ఉంది. మరదలు కుట్టుమిషను ముందు ఊరికే కూర్చుని ఉంది. ఆవిడ చేతులు ఖాళీగా ఉండటం మేస్త్రి అంతకు ముందు చూడలేదు. తమ్ముడు ఏవేవో పాత ఊచల్ని సాగదీసి చూస్తున్నాడు.

"షావుకారు ఏమన్నాడు?" అని అడిగాడు మేస్త్రి.

"ఏమంటాడన్నా, ఆయనా వ్యాపారస్తుడే కదా. వానలకి ముందు సరుకు అందిస్తే సరే, లేకపోతే ఓడ గొడుగులే పెట్టుకుంటానన్నాడు. ఒకసారి అవి పెడితే మళ్లీ మన మొహం చూడడు."

"నాకెందుకు చెప్పలేదురా?"

తమ్ముడు నవ్వాడు. "చెప్తే ఏం చేస్తావు? వెళ్లి సుంకం తీయిస్తావా?"

మేస్త్రి వెళ్లాడు. ఏ మెట్ల మీద కూర్చుని సుంకం అడిగాడో ఆ మెట్లే ఎక్కి, గొడుగు తీగకి మినహాయింపు ఇమ్మని అడిగాడు. అక్కడి ఆఫీసరు మర్యాదస్తుడు, కుర్చీ వేయించాడు. "ఇవ్వచ్చండీ. ఈ రకం తీగ మేం తయారు చేయలేం అని మీ మిల్లు వాళ్లు రాసిస్తే చాలు" అన్నాడు. మేస్త్రి ఆ మాట పట్టుకుని మిల్లు యజమాని దగ్గరికి పరిగెత్తాడు. యజమాని ఆయన భుజం మీద చెయ్యి వేసి నవ్వాడు.

"చేయలేం అని మన నోటితో మనమే ఎలా అంటాం మేస్త్రీ? ఇవాళ గొడుగులవాడు వస్తాడు, రేపు సైకిళ్లవాడు వస్తాడు. ఒక్కడికి తలుపు తీస్తే మనం కట్టిన గోడ మిగులుతుందా? నువ్వు పడ్డ కష్టమంతా నీళ్లపాలవుతుంది. చేయగలం అనే అనాలి."

"చేయగలం అంటే చేయాలి కదండీ."

"చెయ్యి, ఎవరొద్దన్నారు? పాత ఇనుప తాళ్ల ఆర్డరు తాలూకు గట్టి ఊచలు వెనక పెరట్లో పడున్నాయి. సెలవు రోజుల్లో మిషను ఖాళీయే. పాత ఇనుము లెక్కన తీసుకుపో."

ఆయన ఉదారంగానే అన్నాడు. మేస్త్రికి ఆ క్షణాన యజమాని దేవుడిలా కనిపించాడు. తన చేత్తోనే తమ్ముడికి తీగ లాగివ్వచ్చన్న ఆలోచన ముందు రాలేదేమని తన్ను తాను తిట్టుకున్నాడు.

ఆ సెలవులన్నీ ఆయన మిల్లులోనే గడిపాడు. జనం లేని మిల్లు పెద్ద హాలులో ఒక్క మిషను శబ్దం. గట్టి ఊచ మొండిది, తొందరపడితే తెగుతుంది. మెల్లగా, తీగ జారడానికి సబ్బు పొడి దట్టంగా పట్టించి, ఒక్కో అచ్చు మారుస్తూ లాగాడు. వయసులో ఉన్నప్పుడు నేర్చుకుని మరిచిపోయిన పని చేతుల్లోకి తిరిగొచ్చింది. లాగిన ప్రతి చుట్ట నుంచీ ముక్క తుంచి, వంచి, వదిలి చూసేవాడు. ముక్క టింగుమని లేచేది. ఆయన ఒక్కడే ఆ హాల్లో పిల్లాడిలా నవ్వుకునేవాడు. ఇంటికొచ్చి భార్యతో, "ఓడ తీగ దీని ముందు బలాదూర్" అనేవాడు. ఆవిడ కూడా ఆ మాటకి వంక పెట్టలేదు.

చివరి రోజున చుట్టలన్నీ వరసగా పెట్టి చూసుకున్నాడు. సబ్బు మసి పట్టి నల్లగా ఉన్నాయి. తమ్ముడికి ఇలా మురికిగా ఇవ్వడానికి మనసొప్పలేదు. ఆ మిల్లు గేటు దాటే ప్రతి చుట్టనీ యాసిడ్ తొట్టిలో ముంచి, కడిగి, సున్నపు నీళ్లలో తేల్చి పంపడం అలవాటు. అప్పుడు తీగ వెండిలా మెరుస్తుంది. మేకుల తీగకి ఆ స్నానం చేయించడం ఆయనకి చెయ్యి తిరిగిన పని. గట్టి తీగ చుట్టల్ని కూడా ఒక్కొక్కటే ముంచాడు. మసి పోయేదాకా, కాస్త ఎక్కువసేపే ఉంచాడు. తమ్ముడికి కదా. కడిగి, ఆరబెట్టి, పాత పంచె చింపి నూనెతో తుడిచి, కాగితం చుట్టి రిక్షాలో వేసుకుని తీసుకుపోయాడు.

తమ్ముడు కాగితం విప్పాడు. తీగని చాలాసేపు చేతుల్లో పట్టుకుని చూశాడు. వంచి వదిలాడు. అది లేచి నిలబడింది.

"ఎలా ఉంది?" అన్నాడు మేస్త్రి.

"నువ్వే లాగావా అన్నా ఇదంతా? ఒక్కడివే?"

"మరెవరు లాగుతారు?"

తమ్ముడి కళ్లు చెమర్చాయి. "బావుంది" అన్నాడు.

షెడ్డుకి మళ్లీ ప్రాణం వచ్చింది. గుడ్డ కత్తిరించే అతను వెనక్కి వచ్చాడు. మరదలు మిషను ఆగకుండా నడిచింది. మిల్లు నుంచి వస్తూ మేస్త్రి రోజూ షెడ్డులో కూర్చునేవాడు. ఊచల కొసలు చదును చేసి కంత పెట్టడం, వాటిని కర్ర కొసన ఉండే గుబ్బకి కట్టడం చూస్తూ, చేతకాకపోయినా సలహాలు ఇచ్చేవాడు. "బావగారూ, మీరు తీగ లాగండి చాలు, గొడుగులు మమ్మల్ని చేసుకోనివ్వండి" అని మరదలు నవ్వేది. ప్రతి గొడుగునీ తమ్ముడు తిరగేసి విదిలించాడు. ఒక్కటి కూడా వంగి ఉండిపోలేదు. సరుకు సమయానికి అందింది. షావుకారు దుకాణం ముందు తాడు కట్టి, తెరిచిన గొడుగుల్ని వరసగా వేలాడదీశాడు. మేస్త్రి పని గట్టుకుని ఆ వీధిన పోయి వాటి కింద నిలబడి పైకి చూసి వచ్చాడు. భుజాల మీదికి ఎత్తుకున్న రోజున కూడా ఆయనకి అంత సంతోషం కలగలేదు.

వానలు మొదలవక ముందే ఊచలు విరగడం మొదలైంది. గాలి లేదు, వాన లేదు, ఎవరి చెయ్యీ పడలేదు. తాడుకి తెరిచి పెట్టిన గొడుగులో ఒక ఊచ టప్పున తెగి గుడ్డని చీల్చుకుని బయటికొచ్చింది. కాసేపటికి పక్క గొడుగులో ఇంకొకటి. కొనుక్కుపోయినవాళ్లు తిరిగొచ్చి షావుకారు మొహాన గొడుగులు విసిరికొట్టారు. ఆయన అరవలేదు. మిగిలిన సరుకంతా ఒక బండికెత్తి షెడ్డు ముందు దింపించి, "నీ మీద నమ్మకంతో కొన్నానయ్యా. ఇక రాకు" అని వెళ్లిపోయాడు.

మేస్త్రి వచ్చేసరికి తమ్ముడు ఆ కుప్ప పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. ఇంకా విరగనివి ఏమన్నా ఉన్నాయేమోనని కొన్నింటిని తెరిచి గోడకి ఆనించాడు. మేస్త్రి కూడా పక్కనే నేల మీద కూర్చున్నాడు. ఉండి ఉండి ఎక్కడో ఒక మూల టప్పుమనేది. ఏ గొడుగో వెతికి చూసే లోపల ఇంకోటి.

"నేనే ఎక్కడో తప్పు చేశానన్నా. కొసలు చదును చేసేటప్పుడు దెబ్బ గట్టిగా పడిందేమో" అన్నాడు తమ్ముడు. "నీ తీగ మంచిదే."

విరిగిన ఊచలు నాలుగు జేబులో వేసుకుని మేస్త్రి మర్నాడు మిల్లుకి పోయాడు. యాసిడ్ తొట్టి దగ్గర పని చేసే ముసలాయన్ని అందరూ తొట్టి తాత అంటారు. కిందటేడే ఇంకో ఊరి ఇనుప తాళ్ల ఫ్యాక్టరీ మూతపడితే ఇక్కడికొచ్చి చేరాడు. మేస్త్రి ఊచలు చూపించగానే విరిగిన చోటు గోటితో గీకాడు.

"తాళ్ల తీగ ఇది. దీన్ని యాసిడ్‌లో కడిగారా?"

"కడిగాను. కడగకుండా ఎలా?"

"మేకుల తీగైతే పరవాలేదు, మెత్తటిది. గట్టి తీగకి యాసిడ్ లోపలికి ఎక్కుతుంది బాబూ. పైకి ఏమీ కనపడదు. ఆ పూటకి వంచినా బాగానే ఉంటుంది. బిగించి ఉంచితే నాలుగు రోజులకి దానంతటదే విరుగుతుంది."

మేస్త్రి తొట్టి గట్టు పట్టుకున్నాడు. "దానికి మందు లేదా?" అని అడిగాడు.

"ఎందుకు లేదు? కడిగిన వెంటనే ఒక పూట సన్నటి సెగ మీద పెడితే ఎక్కిందంతా దిగిపోతుంది. అక్కడ మేం రోజూ చేసేవాళ్లం. నన్నొక్క మాట అడగాల్సింది."

సెలవు రోజున మిల్లులో తాత లేడు, ఎవరూ లేరు. అడగాలని మేస్త్రికి తోచనూ లేదు. తనకి బాగా తెలిసిన పని కదా అది.

ఆయన పని వదిలేసి షెడ్డుకి వచ్చాడు. తమ్ముడు విరిగిన గొడుగుల గుడ్డ విప్పుతున్నాడు. మరదలు కుట్లు ఊడదీస్తోంది. మేస్త్రి గుమ్మంలోనే నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ తప్పు కాదురా. నాది. నేను యాసిడ్‌లో కడిగాను. గట్టి తీగని కడగకూడదట. మెరవాలని కడిగాను. నిన్ను చేతులారా ముంచాను."

తమ్ముడు తల ఎత్తలేదు. చేతిలో ఊచని అటూ ఇటూ తిప్పుతూ ఉండిపోయాడు. చివరికి, "నాకు తెలుసన్నా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"కడిగావని. కాగితం విప్పగానే వాసన వచ్చింది. నాకు పని నేర్పిన ముసలాయన ఎప్పుడూ చెప్పేవాడు, యాసిడ్ తగిలిన తీగ జోలికి పోవద్దని. ఎందుకో ఆయనా చెప్పలేదు."

మరదలి చేతిలో కత్తెర ఆగిపోయింది.

"తెలిసి ఎందుకు వాడావురా?" అన్నాడు మేస్త్రి. "ఒక్క మాట అంటే సరిపోయేది. పొయ్యి మీద ఒక పూట సెగ తగిలిస్తే బాగుపడేదట. ఒక్క పూట. నువ్వు అని ఉంటే నేను నలుగుర్నీ అడిగేవాణ్ణి కదా."

"ఎలా అంటానన్నా? సెలవులన్నీ పాడు చేసుకుని, ఈ వయసులో ఒక్కడివే లాగి తెచ్చావు. ఎలా ఉందని అడిగావు. అప్పుడు నీ మొహం చూసి, ఇది పనికిరాదు అని ఎలా అనను? ఆగుతుందేమోలే అనుకున్నాను. వంచితే బాగానే లేచింది కదా. నమ్మాలనిపించింది, నమ్మాను."

మరదలు లేచింది. ఆవిడ బావగారి ముందు ఏనాడూ గొంతు పెంచిన మనిషి కాదు. ఇప్పుడు కూడా పెంచలేదు.

"నాతో అయినా అనలేదు మీరు" అంది భర్తతో. "నా వేళ్లు పుళ్లు పడేలా కుట్టాను. ఆ గుడ్డ నా పుట్టింటి గాజులు అమ్మి తెచ్చాను. విరుగుతుందని అనుమానం ఉన్న ఊచ మీద కుట్టించారు." తర్వాత మేస్త్రి వైపు తిరిగింది. "ఆయనేమో అన్న బాధపడతాడని నోరు మూసుకున్నారు. మీరేమో తమ్ముడికి మెరిసేది ఇవ్వాలని కడిగారు. మీ అన్నదమ్ముల ప్రేమలు చల్లగా ఉండ, నా ఇంట్లో పొయ్యి ఆర్పేశాయి."

కత్తెర బల్ల మీద పెట్టి లోపలికి పోయింది. ఆ తర్వాత మేస్త్రితో ఆవిడ మాట్లాడలేదు.

షెడ్డు మూతపడింది. గుడ్డ కత్తిరించే అతను షావుకారు దుకాణంలోనే చేరి ఓడ గొడుగులు అమ్ముతున్నాడు. మేస్త్రి వెళ్లి తమ్ముడికి మిల్లులో పని ఇమ్మని యజమానిని అడిగాడు. యజమాని వెంటనే ఒప్పుకున్నాడు. సుంకం పుణ్యమా అని మిల్లుకి ఆర్డర్లు పోటెత్తుతున్నాయి, మనుషులు చాలడం లేదు. సుంకం వచ్చాక ఎంతమందికి కొత్తగా పని దొరికిందో పేపరు వాళ్లకి చెప్పుకోవడానికి ఇంకొక మనిషి లెక్కలో చేరాడని కూడా ఆయన సంతోషించాడు. దాచుకోకుండా మేస్త్రితోనే అన్నాడు. మేస్త్రి తల ఊపి బయటికొచ్చి, గోడ పక్కన కుళాయి దగ్గర నిలబడి మొహం కడుక్కున్నాడు.

తమ్ముడు మొదటి రోజు పనికి వచ్చినప్పుడు మేస్త్రి గేటు దగ్గరే కాచుకున్నాడు. మిల్లు దుమ్ముకి పనికిరావని ఒకప్పుడు తానే ఆపిన మనిషిని ఇప్పుడు తానే లోపలికి తీసుకుపోయాడు. మేకుల తీగ లాగే మిషను ముందు నిలబెట్టాడు. తమ్ముడు పని త్వరగానే పట్టుకున్నాడు. మధ్యాహ్నానికి దగ్గు మొదలైంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు. కాసేపటికి అచ్చు ఇరుక్కుంది.

"మేస్త్రిగారూ, ఇది కాస్త చూస్తారా" అని పిలిచాడు.

మేస్త్రి ఎవరో పిలిచారనుకుని వెనక్కి తిరిగి, తమ్ముణ్ణి చూసి కొయ్యబారిపోయాడు. దగ్గరికొచ్చి అచ్చు సరిచేస్తూ, "అదేంట్రా ఆ పిలుపు" అన్నాడు మెల్లగా.

"అందరూ అలాగే పిలుస్తున్నారు కదా. నేనొక్కణ్ణే అన్నా అంటే, తమ్ముణ్ణి కూర్చోబెట్టి జీతమిస్తున్నారంటారు. మీకు మాట వస్తుంది."

అందులో కోపం లేదు. ఉంటే మేస్త్రి భరించేవాడు. ఇంత జరిగాక కూడా వాడు అన్న పరువే చూస్తున్నాడు.

సాయంత్రం ఇద్దరూ కలిసే ఇంటికి నడిచారు. దారి పొడుగునా మేస్త్రి ఏదో ఒకటి మాట్లాడుతూనే ఉన్నాడు. తమ్ముడు అన్నిటికీ ఊ కొట్టాడు. ఎదురెదురు ఇళ్ల మధ్య రోడ్డు మీద ఆగి, "వస్తాను మేస్త్రిగారూ" అన్నాడు.

"ఇది మిల్లు కాదురా" అన్నాడు మేస్త్రి. "ఇక్కడ అన్నా అని పిలువు."

తమ్ముడు ప్రయత్నించాడు. నోరు తెరిచాడు కూడా. అంతలో దగ్గు తెర వచ్చింది. అది తగ్గాక మొహం తుడుచుకుని, "రేపు పిలుస్తాలెండి" అని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్నాడు.

మేస్త్రి రోడ్డు మధ్యలోనే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆయన భార్య వచ్చి చెయ్యి పట్టుకుని ఇంట్లోకి తీసుకుపోయింది.